సెలవుల్లో అరగంట జెట్ స్కీ అద్దెకి తీసుకుందామనుకుంటున్నా, మొదటిసారి. నడిపినవాళ్ళు చెప్పండి

నీలికెరటం
అందరికీ నమస్కారం. వచ్చే వారం అయిదు రోజులు సముద్రం ఒడ్డున ఉంటాం. మేం దిగే చోటికి దగ్గర్లోనే జెట్ స్కీలు, అంటే నీళ్ళ మీద స్కూటర్‌లా నడిపే మోటారు బండ్లు, అద్దెకిస్తారట. పావుగంట, అరగంట, గంట, ఏది కావాలంటే అది. ఇది నాకు ఎన్నేళ్ళ కోరికో. ఇప్పుడు 41 ఏళ్ళు, ఇంకా వాయిదా వేయబుద్ధి కావట్లేదు. స్కూటర్ రోజూ నడుపుతాను. ఈత మాత్రం అంతంతే, కొలనులో ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకి చేరతాను, అంతవరకే. మావారు వద్దంటున్నారు. మా అబ్బాయికి 14, వాడు తనే నడుపుతానని పేచీ. ఎంతసేపు తీసుకోవాలి, పడిపోతే ఏం చేయాలి, ఏం చూసుకుని ఎక్కాలి? ప్రకటనల్లో ఉండే మాటలు కాదు, మీకు జరిగింది చెప్పండి.

తెరచాప
అరగంట తీసుకోండి. పావుగంటలో చేయి అలవాటయ్యేసరికే వెనక్కి రమ్మని ఈల వేస్తారు. గంట మొదటిసారికి ఎక్కువ. అలల మీద మోకాళ్ళు వంచి లేస్తూ కూర్చుంటూ నడపాలి, అరగంట దాటాక ముంజేతులు, తొడలు పట్టేస్తాయి. అలిసిన చేతులతో నడిపేటప్పుడే నేను పడ్డాను, అంతకుముందు కాదు. ఇంకోటి అడగండి: వాళ్ళు నేర్పించే సమయం అరగంటలో కలిపా, విడిగానా? కలిపే అయితే మీకు మిగిలేది ఇరవై నిమిషాలే.

రేవు_మనిషి
నీలికెరటం గారూ, మూడు సీజన్లు ఇలాంటి అద్దె చోటే పనిచేశాను. ఒడ్డున నిలబడి జనానికి జాకెట్లు తొడిగి, నేర్పించి పంపేది నేనే. మీరు స్కూటర్ నడుపుతానన్నారు కాబట్టి మీకు ముందు చెప్పాల్సింది ఇదొకటి.

జెట్ స్కీకి చుక్కాని ఉండదు. అడుగున కడ్డీల జల్లెడ ఉంటుంది, అందులోంచి నీళ్ళు లాక్కుంటుంది. లోపల ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం తిరిగి ఆ నీళ్ళని వెనక ఉన్న మూతిలోంచి బలంగా చిమ్ముతుంది. బండి ముందుకు పోయేది ఆ ధాటికే. మీరు హ్యాండిల్ తిప్పితే తిరిగేది కూడా ఆ మూతే. అంటే నీళ్ళు చిమ్ముతున్నంతసేపే మలుపు. థ్రాటిల్, అంటే దీని యాక్సిలరేటర్, వదిలేశారంటే హ్యాండిల్ ఎటు తిప్పినా బండి పోయే దారినే జారుకుంటూ పోతుంది.

స్కూటర్ మీద మనిషి అడ్డొస్తే ఏం చేస్తాం? ముందు యాక్సిలరేటర్ వదిలేస్తాం. చేతికి ఏళ్ళుగా పట్టిన అలవాటు. నీళ్ళ మీద ఆ అలవాటే కొంప ముంచుతుంది. భయపడగానే వదిలేస్తారు, హ్యాండిల్ గట్టిగా తిప్పుతారు, బండి తిరగదు, తిన్నగా వెళ్ళి పక్కవాడి బండికి కొడతారు. అలా గుద్దుకున్నవి నా కళ్ళతో రెండు చూశాను. రెండుసార్లూ నడిపినవాళ్ళు ఒకటే మాట: "తిప్పానండీ, తిరగలేదు." వాళ్ళు నిజమే చెప్పారు. ఆ సంగతి వాళ్ళకి ముందే గట్టిగా చెప్పకపోవడం మా తప్పు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అందుకని నీళ్ళలోకి వెళ్ళగానే చుట్టూ ఎవరూ లేని చోట ఒకపని చేయండి. ఒక మోస్తరు వేగం అందుకుని థ్రాటిల్ వదిలేసి హ్యాండిల్ తిప్పి చూడండి. ఏమీ జరగదు. తర్వాత కొంచెం థ్రాటిల్ ఇస్తూ తిప్పండి, వెంటనే తిరుగుతుంది. నాలుగుసార్లు చేస్తే చేతికి తెలుస్తుంది. చెవితో విన్నది సరిపోదు.

పాత_మెకానిక్
రేవు_మనిషి గారు చెప్పినదానికి కొంచెం కలుపుతా. కొత్త మోడళ్ళలో చాలావాటికి, థ్రాటిల్ వదిలి హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ఇంజన్ తనంతట తాను కాస్త నీళ్ళు చిమ్మే ఏర్పాటు ఉంది. దానివల్ల కొంత తిరుగుతుంది. కానీ దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

బ్రేకు సంగతి అడగండి. పాత బండ్లకి బ్రేకే లేదు. సీడూ వాళ్ళు 2009 మోడళ్ళ నుంచి ఐబీఆర్ అని, యమహా వాళ్ళు 2015 మోడళ్ళ నుంచి రైడ్ అని బ్రేకు ఇచ్చారు. వెనక మూతి మీదికి ఒక తొట్టిలాంటిది దిగి నీళ్ళ ధారని ముందుకి మళ్ళిస్తుంది, బండి ఆగుతుంది. ఎడమ చేతి వైపు లీవరు ఉంటే అదే. అద్దెకిచ్చే చోట తేలికరకం బండ్లు, పాత బండ్లు కూడా ఉంటాయి, వాటికి ఇది ఉండకపోవచ్చు. గంటకి 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. మీరు ఉలిక్కిపడి తేరుకునే మూడు సెకన్లలో 50 మీటర్లు పోయారు. కాబట్టి ముందున్నవాడికీ మీకూ మధ్య దూరం మీరు అనుకున్నదానికి మూడింతలు ఉంచండి.

జెట్ స్కీ అనేది అసలు కవాసాకి వాళ్ళ పేరు, 1970ల మొదట్లో వాళ్ళు నిలబడి నడిపే బండి తెచ్చారు. ఇప్పుడు ఏ కంపెనీదైనా జనం నోట జెట్ స్కీయే. మీకు ఇచ్చేది కూర్చుని నడిపేది.

ఇంకోటి. నడుము లోతు నీళ్ళు వచ్చేదాకా ఇంజన్ వేయకండి. లోతు తక్కువుంటే ఇసుక, గులకరాళ్ళు ఆ జల్లెడలోంచి లోపలికి పోయి ఇంపెల్లర్ రెక్కల్ని గీరేస్తాయి. వెనక్కి వచ్చేటప్పుడూ అంతే, ఇంజన్ ఆపేసి తోసుకుంటూ ఒడ్డుకి తేవాలి. చాలామందికి డబ్బు కట్టమని చెప్పేది ఈ నష్టానికే.

నీలికెరటం
రేవు_మనిషి గారూ, మీరు చెప్పింది చదివాక ఈ ఉదయం స్కూటర్ మీద వెళ్తూ గమనించాను. నిజమే, ఏది కనపడినా ముందు నా కుడి చేయి వదిలేస్తోంది! ఇది తెలియకుండా వెళ్ళి ఉంటే? పడిపోతే ఏమవుతుందో కూడా చెప్పరూ.

రేవు_మనిషి
పడిపోవడం పెద్ద విషయం కాదు, మీరు రెండు పనులు సరిగా చేస్తే.

ఒకటి, కిల్ స్విచ్ తాడు. మెలికలు తిరిగిన ఎర్ర తాడు ఉంటుంది. ఒక కొస స్టార్ట్ బటన్ దగ్గర గుబ్బకి తగిలిస్తారు, రెండో కొస మీ మణికట్టుకో జాకెట్ కొక్కేనికో తగిలించాలి. మీరు పడగానే అది ఊడి ఇంజన్ ఆగిపోతుంది. బండి మిమ్మల్ని వదిలి పోదు, మీ మీదికీ రాదు. కొందరు అడ్డంగా ఉందని విప్పి హ్యాండిల్‌కి చుట్టేస్తారు. అలా చేస్తే నేను అక్కడికక్కడే దింపేసేవాణ్ణి.

రెండు, లైఫ్ జాకెట్. తొడిగాక మీ వెనక నిలబడ్డవాళ్ళని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా లేస్తే అది మీ కొలత కాదు, ఇంకోటి అడగండి. అన్ని బకిల్స్ పెట్టండి. ఈత వచ్చినా వేసుకోవాల్సిందే. గాలి ఊదితే ఉబ్బే రకం దీనికి పనికిరాదు.

ఎక్కేది ఎప్పుడూ వెనక నుంచే. వెనక మెట్టు ఉంటే దాని మీద మోకాలు ఆనించి సీటు పట్టీ పట్టుకుని పైకి లేవాలి. పక్కనుంచి ఎక్కబోతే మీ మీదికే ఒరుగుతుంది. బోల్తా పడితే వెనక ఒక స్టిక్కర్ మీద బాణం గుర్తు ఉంటుంది, ఆ వైపుకే తిప్పి లేపాలి. తప్పు వైపు తిప్పితే ఇంజన్లోకి నీళ్ళు పోవచ్చు. ఒడ్డున ఉండగానే ఆ స్టిక్కర్ ఎక్కడుందో చూపించమనండి.

చినుకు
నాకు కళ్ళజోడు లేనిదే ఏమీ కనపడదు. ఏం చేయాలి? ఇద్దరం ఎక్కితే బరువు సమస్యా?

తెరచాప
కళ్ళజోడుకి వెనక కట్టే తాడు దొరుకుతుంది, తేలే రకం తీసుకోండి. ఉప్పునీళ్ళు మొహానికి కొడుతూనే ఉంటాయి, తుడుచుకోవడానికి చేయి తీయలేరు. సన్‌స్క్రీన్ నుదుటి మీద కాకుండా బుగ్గలకి, మెడకి, మోకాళ్ళ పైభాగానికి రాయండి. నుదుటిది కారి కళ్ళు మండుతాయి. ఉంగరాలు తీసేయండి. ఎంత బరువు మోస్తుందో బండి మీదే రాసి ఉంటుంది. ఇద్దరు ఎక్కితే తిరగడం మందకొడిగా ఉంటుంది, ఆగినప్పుడు ఊగిపోతుంది. మొదటి పది నిమిషాలు ఒక్కరే నడిపి తర్వాత రెండో మనిషిని ఎక్కించుకోండి.

ఉప్పుగాలి
డబ్బు గొడవ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతా. రెండేళ్ళ క్రితం సెలవులకి వెళ్ళి ఒకచోట అరగంట తీసుకున్నాం. పేరు అనవసరం. ఎక్కడా తగలలేదు, మెల్లగా తెచ్చి ఒప్పచెప్పాం. అప్పుడు అక్కడి మనిషి బండిని ఒక పక్కకి ఒరిగించి అడుగున చెయ్యంత పొడవు గీత చూపించి "ఇది మీరు చేసిందే" అన్నాడు. అడ్వాన్సు ఇవ్వనన్నాడు, పైగా ఇంకా కట్టమన్నాడు. మేం బండి పైభాగం మాత్రమే ఫొటో తీసుకున్నాం, అడుగుభాగం చూడాలని మాకు తోచలేదు. గంటసేపు వాదించి, మా పిల్ల ఏడవడం మొదలుపెట్టాక సగానికి ఒప్పుకుని వచ్చేశాం. ఆ రోజు కడుపులో రగిలిన మంట ఇంకా గుర్తుంది. అందుకని:

ఎక్కే ముందు బండి చుట్టూ వీడియో తీయండి, అడుగుభాగం, ముందు ముక్కు, వెనక మూతి, సీటు కుట్లు అన్నీ. వీడియోలో వాళ్ళ మనిషి కూడా కనపడాలి, "ఇదిగో ఈ గీతలు ముందే ఉన్నాయి" అని పైకే చెప్పండి. సంతకం పెట్టమన్న కాగితం చదవండి. పాస్‌పోర్టో గుర్తింపు కార్డో అసలుది తాకట్టు పెట్టమంటే వద్దు, నకలు ఇవ్వండి. ప్రయాణ బీమా ఉంటే ఇంటి దగ్గరే చదవండి, మోటారు బండ్ల నీటి ఆటలు వర్తించవని చాలావాటిలో రాసి ఉంటుంది.

రాత్రిడ్యూటీ
నేను అత్యవసర విభాగంలో నర్సుని. ఎవరినీ భయపెట్టాలని కాదు, కానీ కొన్ని మాటలు ఇక్కడ ఎవరూ అనరు కాబట్టి నేను అంటాను.

అల మీంచి ఎగరడం. సీటు మీద గట్టిగా కూర్చుని ఎగిరి కింద పడితే దెబ్బ మొత్తం వెన్నుపూసకి తగులుతుంది. నీళ్ళే కదా అనుకుంటారు, ఆ వేగంలో నీళ్ళు మెత్తగా ఉండవు. పూస నొక్కుకుపోయి వారాలు మంచం పట్టినవాళ్ళున్నారు. ఇంకొకరి పడవ వెనక లేచే అలని వెతుక్కుంటూ వెళ్ళవద్దు. అల వస్తే వేగం తగ్గించి, మోకాళ్ళు వంచి కాస్త సీటు మీంచి లేవండి.

వెనక కూర్చున్నవాళ్ళు. నడిపేవాళ్ళు ఒక్కసారిగా థ్రాటిల్ నొక్కితే ముందు పడేది వెనక మనిషే, అదీ వెనక్కి, సరిగ్గా ఆ నీళ్ళ ధార చిమ్మే చోట. ఆ ధార శరీరంలోకి బలంగా చొచ్చుకుపోయి లోపలి అవయవాలకి గాయాలవుతాయి. ఆడవాళ్ళకి ముఖ్యంగా చెబుతున్నా, మగవాళ్ళకీ జరుగుతుంది. మామూలు ఈత దుస్తులు దీన్ని ఆపలేవు. బండి మీద అంటించిన హెచ్చరికలోనే రాసి ఉంటుంది, రబ్బరులాంటి బట్టతో కుట్టిన మందపాటి వెట్‌సూట్ నిక్కరు వేసుకోమని. చాలాచోట్ల ఇవ్వరు. అడగండి, లేకపోతే మీదే తీసుకెళ్ళండి. సిగ్గుపడాల్సిన విషయం కాదు.

గర్భిణులు, నడుము నొప్పి ఉన్నవాళ్ళు ఎక్కకండి. తాగినవాళ్ళు అసలు వద్దు.

నీలికెరటం
రాత్రిడ్యూటీ గారూ, చేతులెత్తి దండం. ఈ వెట్‌సూట్ మాట నేను వెతికిన ఏ పేజీలోనూ ఇంత తేటగా లేదు. మరి మా అబ్బాయి సంగతి? వాడు నడపడం...

కొండదారి
మా వాడు 12 ఏళ్ళకే నడిపాడు, ఏమీ కాలేదు. పిల్లల చేతులు మనకంటే త్వరగా నేర్చుకుంటాయి. మరీ భయపెట్టకండి.

రేవు_మనిషి
కొండదారి గారూ, మీ వాడికి ఏమీ కాలేదు, సంతోషం. కానీ అడ్డం ఏదో వచ్చినప్పుడు వదిలేయకుండా, కొంచెం థ్రాటిల్ ఇస్తూ పక్కకి తిప్పాలన్న తెలివి ఆ క్షణంలో ఉండాలి. పెద్దవాళ్ళకే ఉండదు. అద్దెకి నడపాలంటే చాలాచోట్ల 16, కొన్నిచోట్ల 18 నిండాలి, వాళ్ళు ఇచ్చినా బీమా వర్తించదు. నీలికెరటం గారూ, అబ్బాయిని మీ వెనకే కూర్చోబెట్టుకోండి. వాడి పాదాలు అడుగున పాదాలు పెట్టే చోట పూర్తిగా ఆనాలి, చేతులు మీ నడుం చుట్టో జాకెట్ పట్టీకో ఉండాలి. పిల్లల్ని నడిపేవాళ్ళ ముందు కూర్చోబెట్టకూడదు, మీ ఛాతీకీ హ్యాండిల్‌కీ మధ్య నలిగిపోతారు.

కొండదారి
ఆ బీమా మాట నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటాను.

తాబేలు_నేస్తం
ఒక మనవి. ఈత కొట్టేవాళ్ళున్న వైపు, రంగు బంతులు కట్టి గీసిన హద్దు లోపలికి వెళ్ళకండి. నీళ్ళలో తల మాత్రమే పైకున్న మనిషి బండి మీంచి అంత తేలిగ్గా కనపడడు. తాబేళ్ళు, డాల్ఫిన్లు ఊపిరికి పైకి రావాల్సిందే. ఫొటో కోసం వాటి చుట్టూ గిరగిరా తిరిగేవాళ్ళని చూస్తే నాకు దుఃఖం వస్తుంది. కనపడితే ఇంజన్ ఆపండి. వాటంతట అవే దగ్గరికొస్తాయో పోతాయో చూడండి, అదే చాలా అందం.

తెరచాప
ఉదయమే వెళ్ళండి. ఎండ ముదిరేకొద్దీ నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కి, సముద్రం మీంచి గాలి ఒడ్డుకి వీస్తుంది. మధ్యాహ్నానికి చిన్న చిన్న అలలు గరుకుగా లేస్తాయి, వాటి మీద నడపడం గతుకుల రోడ్డే. కానీ గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంటే ఇంకా జాగ్రత్త. ఒడ్డు దగ్గర నీళ్ళు అద్దంలా ఉంటాయి, మోసపోతారు. ఇంజన్ ఆగిపోతే అదే గాలి మిమ్మల్ని లోపలికి తోసుకుపోతుంది. అలా జరిగితే ఈదుకుంటూ ఒడ్డుకి బయల్దేరకండి, బండిని పట్టుకునే ఉండండి. మనిషి కంటే బండే దూరానికి కనపడుతుంది.

పాత_మెకానిక్
ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఇద్దరూ తమ కుడికి తప్పుకోవాలి. అడ్డంగా వస్తుంటే మీ కుడి వైపు నుంచి వచ్చేవాడికి మీరు దారివ్వాలి. ఓడలకీ ఇదే పద్ధతి, 1972 అంతర్జాతీయ నిబంధనల్లో ఉన్నదే. మీ పక్కవాడికి ఇది తెలిసి ఉంటుందనుకోకండి, అద్దె బండ్ల మీద అందరూ కొత్తవాళ్ళే. తిరిగే ముందు ఒకసారి వెనక్కి చూడండి, దీనికి అద్దాలున్నా నీళ్ళు పడి ఏమీ కనపడదు.

నీలికెరటం
(పది రోజుల తర్వాత)
వెళ్ళొచ్చాం! మీ అందరికీ వివరంగా చెప్పాలి.

మొదట వెళ్ళిన చోట నేను తాడు గురించి, తిప్పే బాణం గురించి అడిగితే "అవన్నీ అక్కర్లేదు మేడం, ఎక్కండి" అన్నారు. జాకెట్ భుజాలు పట్టుకుని మావారు లాగితే నా ముక్కు దాకా వచ్చింది. వద్దని వచ్చేశాం. మా అబ్బాయి మొహం చిన్నబుచ్చుకున్నాడు, కానీ నాకు వెనక్కి తిరగడం కష్టమనిపించలేదు.

రెండో చోట ఒక పెద్దాయన ఉన్నారు. అడగకుండానే అడుగుభాగం చూపించి "వీడియో తీసుకోండమ్మా" అన్నారు. వెట్‌సూట్ నిక్కర్లు ఇచ్చారు, తడిసి బిగుతుగా ఉండి ఎక్కించుకోవడానికి అయిదు నిమిషాలు పట్టింది. నడుము లోతు దాకా తోసుకెళ్ళి అప్పుడు తాడు తగిలించి బటన్ నొక్కించారు.

హద్దు దాటాక రేవు_మనిషి గారు చెప్పినట్టే చేశాను. వేగం అందుకుని వదిలేసి ఎడమకి తిప్పాను. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి ఉంది, బండి మాత్రం తిన్నగా పోతోంది. చెప్పగా విన్నదే, అయినా ఒళ్ళు జలదరించింది. బొటనవేలి కింద లీవరు కొంచెం నొక్కాను, వెనక భాగం విసురుగా పక్కకి జారి ముక్కు తిరిగింది. అయిదోసారికి భయం పోయింది. ఆ తర్వాత వచ్చిన పది నిమిషాలు ఎలా చెప్పను! నీళ్ళు కింద గట్టి నేలలా పరిగెత్తడం, మొహం మీద ఉప్పు, వెనక తెల్లటి నురగ దారి. గొంతు చించుకుని అరిచాను, ఎవరికీ వినపడలేదు.

తర్వాత అబ్బాయిని ఎక్కించుకున్నాను. ఒక మలుపులో వేగం ఎక్కువై ఇద్దరం పడ్డాం. చెవుల్లో బుడగల చప్పుడు, మరుక్షణం పైకి తేలాను. ముందు వెతికింది వాణ్ణి, నాలుగు అడుగుల్లో ఉన్నాడు, నవ్వుతున్నాడు. ఎర్ర తాడు నా మణికట్టుకి వేలాడుతోంది, బండి అక్కడే ఊగుతూ ఆగి ఉంది. ఎక్కడం మాత్రం కష్టమైంది. రెండుసార్లు మోకాలు జారింది. మూడోసారి జాకెట్ బరువుని నీళ్ళకి వదిలేసి, కాళ్ళు ఆడిస్తూ వచ్చే అల సాయంతో లేస్తే ఎక్కగలిగాను. తర్వాత వాడికి చేయి ఇవ్వకుండా వెనక నుంచి వాణ్ణే ఎక్కనిచ్చాను, లాగితే బండి ఒరుగుతుందని పెద్దాయన ముందే చెప్పారు.

మూడో రోజు ఉదయం మావారు తనే అడిగారు, "ఒక పావుగంటకి ఇస్తారా?" అని.

చినుకు
చదువుతుంటే నేనే ఎక్కినట్టుంది. కళ్ళజోడు తాడు కొన్నాను. మీకు ఒళ్ళు నొప్పులు ఎన్నాళ్ళు ఉన్నాయి అక్కా?

నీలికెరటం
రెండు రోజులు. ముంజేతులు, తొడలు. తలుపు గొళ్ళెం తిప్పాలన్నా నొప్పే. హ్యాండిల్‌ని పిడికిలి బిగించి పట్టుకోవడం వల్లట, వదులుగా పట్టుకోవాలని రెండో రోజు తెలిసింది. నువ్వు మొదటి నుంచీ వదులుగానే పట్టుకో చినుకూ.

రేవు_మనిషి
నీలికెరటం గారూ, "అక్కర్లేదు మేడం" అన్న చోటు నుంచి మీరు వెనక్కి వచ్చేశారు చూడండి, ఈ మొత్తం చర్చలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది అదే. చినుకు గారూ, కళ్ళజోడు తాడు బిగుతు ఒడ్డునే సరిచూసుకోండి, తల వంచి గట్టిగా ఊపితే కదలకూడదు.